మాత్ర ముందు, పళ్లెం తర్వాత

ఆసుపత్రి సేవా విభాగం అధికారి గారికి,

అయ్యా,

మా ఆవిడ మీ ఆసుపత్రి ఎముకల వార్డులో, కిటికీ పక్క మంచం మీద, శుక్రవారం సాయంత్రం చనిపోయింది. ఆ రోజు జరిగింది రాస్తున్నాను.

పొద్దున నేను వెళ్లేసరికి వెల్లకిలా పడి ఉంది. పక్కకి తిరగలేకపోయింది. ఆవిడకి పార్కిన్సన్స్ జబ్బు. మాత్ర వేళకి పడితే లేస్తుంది, నడుస్తుంది, నన్ను విసుక్కుంటుంది. వేళ తప్పితే ఒళ్లు కొయ్యబారుతుంది. గొంతు కూడా. తుంటి ఆపరేషన్‌కి చేర్చుకున్నప్పుడు మేం తెచ్చిన మాత్రలు తీసుకుని బీరువాలో పెట్టారు. అప్పట్నుంచి మందుల ట్రాలీ ఎప్పుడొస్తే అప్పుడే మాత్ర.

"సిస్టర్, ఆవిడ మాత్ర వేళ దాటిపోయింది" అన్నాను.

"ట్రాలీ వస్తుంది తాతగారూ. అందరితో పాటే."

"అందరికీ ఈ జబ్బు లేదమ్మా."

"రూలు అందరికీ ఒకటే కదండీ."

మా ఆవిడ పెదవులు కదిలాయి. వంగి విన్నాను. "ఆ పిల్లనేమీ అనకండి. ట్రాలీ చక్రం ఊడిందేమో చూసి రండి" అంది. ఆ తర్వాత మాట్లాడలేదు.

మధ్యాహ్నం భోజనం పళ్లెం ముందు వచ్చింది. మాత్ర ఆ వెనక ఎప్పుడో వచ్చింది. మింగలేకపోయింది. ఆవిడకి పొలమారడం కొన్ని రోజులుగా ఉన్నదే. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని డాక్టరుగారు ముందే చెప్పారు. మాత్రల ఆలస్యం వల్లే ఇలా అయిందని నేను రుజువు చేయలేను.

పరిహారం అడగడం లేదు. ఈ జబ్బు ఉన్నవాళ్లకి మాత్ర ట్రాలీ వేళకి కాక వాళ్ల వేళకి ఇవ్వండి. అంతే.

ఇట్లు,
రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్

తా.క.: ఆవిడ మాత్రలు మీ బీరువాలోనే ఉన్నాయి. అవైనా భద్రంగా ఉన్నాయని నమ్ముతున్నాను.

*

గౌరవనీయులైన లెక్చరర్ గారికి,

మీ ఉత్తరం అందింది. మాకు ఫిర్యాదులు భోజనం, శుభ్రత, ప్రవర్తన, పార్కింగ్ అని నాలుగు విభాగాలు. మీరు పళ్లెం గురించి రాశారు గనుక మీది భోజనం కింద నమోదైంది. పళ్లెం వేళ విషయంలో వంటశాల ఇన్‌ఛార్జిని గట్టిగా మందలించాం.

ఉత్తరాలు చాలా వస్తాయి. మా గుమాస్తా అవసరమైన వాక్యాల కింద పెన్సిలు గీత గీసి ఇస్తారు. నేను గీత ఉన్నవి చదివి వెంటనే జవాబిస్తాను. అందుకే మా జవాబు ఎప్పుడూ ఆలస్యం కాదు.

మీ శ్రీమతిగారు త్వరగా కోలుకోవాలని ఆశిస్తూ,
సేవా విభాగం అధికారి

తా.క.: నేను ఆడదాన్ని. 'అయ్యా' అనక్కర్లేదు.

*

అమ్మా,

ఈసారి గీతలు నేనే గీసి పంపుతున్నాను, గుమాస్తాగారికి శ్రమ లేకుండా. మా ఆవిడ చనిపోయింది. దాని కింద రెండు గీతలు గీశాను.

వంటాయన తప్పేమీ లేదు. భోజనం బాగుంది. ఆవిడ తినలేకపోతే రోజూ నేనే తిన్నాను.

నా గొడవ మాత్ర గురించి. అది వేళకి పడాలి. భోజనానికి కాస్త ముందు పడితే మంచిది. గుడ్డూ పాలూ లాంటివి కడుపులో ఉంటే ఆ మాత్ర సరిగా ఒంటబట్టదు. మా ఆవిడ డాక్టరు మొదటి రోజే చెప్పిన మాట ఇది.

ఇట్లు,
లెక్చరర్

తా.క.: మాత్రలకి కొత్త విభాగం తెరవడం కష్టమైతే పార్కింగ్ కింద రాసుకోండి. ఆవిణ్ని ఒకచోట కదలకుండా పెట్టారు కదా.

*

గౌరవనీయులైన లెక్చరర్ గారికి,

శుభవార్త. మీ సూచన వార్డంతటా అమలులోకి వచ్చింది. మాత్ర, భోజనం రెండూ వేళకి అందాలన్నారు గనుక ఇకపై రెండూ ఒకే పళ్లెంలో వస్తాయి. పళ్లెం రాకుండా ఎవరికీ మాత్ర ఇవ్వకూడదని నేనే ఆర్డరు పంపాను. నర్సులకి ఒక తిరుగుడు తగ్గింది. అందరూ మిమ్మల్ని మెచ్చుకుంటున్నారు.

ఈ ఏటి ఉత్తమ సూచన పురస్కారం మీ శ్రీమతిగారి పేరు మీద ఇస్తున్నాం. త్వరలో వార్డులోనే చిన్న సభ. ఆవిడే స్వయంగా వచ్చి అందుకుంటే మాకు గౌరవం. మెట్లు కష్టమైతే చక్రాల కుర్చీ ఏర్పాటు చేస్తాం.

ఇట్లు,
సేవా విభాగం అధికారి

తా.క.: మీ ఉత్తరంలో ముందే గీతలు ఉండటంతో గుమాస్తా అవి కొట్టివేతలనుకుని, గీత లేని వాక్యాలే నాకు ఇచ్చారు. దయచేసి ఇకమీదట మీరు గీయవద్దు.

*

అమ్మా,

రెండూ కలిపి ఇవ్వకండి. నేను అడిగింది దీనికి సరిగ్గా ఎదురు.

మా ఆవిడ ఉన్నప్పుడు మాత్ర ట్రాలీ కోసం ఆగేది. ఇప్పుడు పళ్లెం కోసం ఆగుతోంది. ఆ కిటికీ పక్క మంచం ఖాళీగా ఉండదు. అందులో ఇప్పుడు ఎవరున్నారో తెలియదు. వాళ్ల ఒళ్లు కొయ్యబారితే దానికి కారణం నా ఉత్తరం. రాయకుండా ఊరుకోవలసింది.

ఇట్లు,
లెక్చరర్

తా.క.: చక్రాల కుర్చీ అక్కర్లేదు.

*

మాస్టారూ,

ఇది నేనే చేత్తో రాస్తున్నాను. మీ ఉత్తరాలన్నీ ఇవాళే మొదటి నుంచి చివరిదాకా చదివాను.

మొన్న మా అమ్మ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక. మన ఆసుపత్రే కదా అని ఇక్కడే చేర్పించాను. అమ్మకి ఏళ్ల తరబడి అదే జబ్బు. మాత్రల సంగతి మా వదిన చూసుకునేది. నాకు వేళలు కూడా తెలియవు.

పొద్దున చూస్తే అమ్మ పిడికిలి విప్పలేకపోతోంది. మాత్ర ఇవ్వమని సిస్టర్ని అడిగాను. "పళ్లెం రాలేదు మేడం. మీరు పంపిన ఆర్డరేగా" అంది.

మిమ్మల్ని క్షమించమని అడిగే మొహం లేదు నాకు. ఏం చెయ్యాలో చెప్పండి చాలు.

తా.క.: ఇది గుమాస్తా చేతికే ఇచ్చి పంపుతున్నాను. మడత విప్పొద్దని చెప్పాను.

*

అమ్మా,

మీ గుమాస్తా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పెన్సిలు లేదు, చూశాను. అందుకని ధైర్యంగా రాస్తున్నాను.

ముందు ఆ ఆర్డరు ఇప్పుడే రద్దు చేయండి. మీ అమ్మగారి ఒక్కరికే కాదు, వార్డు మొత్తానికి. తర్వాత మీ వదినకి ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. అమ్మగారి జబ్బు చూసే డాక్టరు చేత వార్డు డాక్టరుకి ఫోన్ చేయించి, ఆ వేళలే మందుల చీటీలో రాయించండి. ఇంటి మాత్రలు తెప్పించి వాళ్లకి చూపించండి. తప్పిపోయిన మాత్రకి బదులు మీ అంతట మీరు రెండు వేయకండి. మింగలేకపోతే నోట్లో ఏదీ బలవంతంగా పోయవద్దు. డాక్టర్ని పిలవండి, వేరే దారిన ఇచ్చే మందు ఉంటుంది. వాంతికి ఇంజెక్షన్ అంటే, ఈ జబ్బుకి అది పడుతుందో లేదో అడిగాకే ఒప్పుకోండి. కొన్ని పడవు. ఆపరేషన్‌కి ముందు ఏమీ తినకూడదంటారు. అప్పుడు మాత్ర సంగతి విడిగా అడగండి.

క్షమించడం గురించి ఇప్పుడేమీ రాయలేను. మీ అమ్మగారి పిడికిలి విప్పుకున్నాక చూద్దాం.

ఆ వార్డు మెట్లు మళ్లీ ఎక్కకూడదనుకున్నాను. మీ ఆసుపత్రి ముందు నుంచి వెళ్తుందని బస్సు కూడా మార్చుకున్నాను. రేపు పొద్దున ఆ పాత బస్సే ఎక్కి, మాత్ర వేళకంటే ముందే మీ అమ్మగారి మంచం దగ్గర ఉంటాను.

ఇట్లు,
మాస్టారు