మార్తా ఇంటికి రాలేదు నాన్నా

నాన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. సాయంత్రం నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు, అందుకే రాస్తున్నాను. తెలుగులో ఇదే నా మొదటి ఉత్తరం. రాయ్‌పూర్‌లో హిందీ బడికి వెళ్లిన నాకు మన అక్షరాలు వచ్చేవి కావు కదా, నువ్వు పోయాక ఫోన్లో చూసి నేర్చుకున్నాను.

నేర్చుకుని ముందు చదివింది నీ బంగారం వేట పుస్తకమే. వర్క్‌షాపు నుంచి వచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని, పైకి చదివి వినిపించేవాడివే, అదే. బంగారం వెతుకుతూ నది దాకా వెళ్లిన మార్తాకి "వచ్చేయ్" అని వాళ్లమ్మ ఉత్తరం రాస్తుంది. నువ్వు చదివితే మార్తా అన్నీ వదిలేసి ఇంటికొచ్చేసేది. ప్రతిసారీ.

వైజాగ్‌లో నర్సింగ్ సీటు వచ్చినప్పుడు "మార్తా ఏం చేసిందమ్మా?" అన్నావు. నేను వెళ్లలేదు.

పుస్తకంలో మార్తా ఇంటికి రాలేదు నాన్నా. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని నదీ, కొండా దాటేసింది. మొదటి పేజీలో నీళ్లంటేనే వణికిన పిల్ల! నాకెంత కోపం వచ్చిందనుకున్నావ్, పుస్తకం విసిరికొట్టాను.

ఇవాళ అదే పేజీ నా కూతురికి చదివాను. దానికీ తెలుగు చదవడం రాదు. "ఫిర్ క్యా హువా, మమ్మీ?" అని తర్వాతేమైందో అడిగింది. నీ ముగింపు నా నోటిదాకా వచ్చింది. మింగేసి, మార్తాని కొండ దాటించాను.

పిల్ల చప్పట్లు కొట్టి, "నేనూ వెళ్తా" అంది.

అప్పట్నుంచి మూడుసార్లు లేచి వీధి తలుపు గడియ చూసొచ్చాను, నాన్నా.