మొదలంటా కోసిన పిల్లిపుదీనా

అమ్మాయీ,

మీ అత్తయ్య గుర్తుగా మిగిలిన మొక్కను నన్నడగకుండా మొదలంటా కోసేశావు. అది తప్పు. ఇప్పటికీ తప్పే అంటాను.

తోట కత్తెరకు సాన పట్టించడానికి వెళ్తున్నాను. మధ్యాహ్నానికి వస్తాను. మెట్ల పక్కనున్న ఆ పిల్లిపుదీనాకు నీళ్ళు పోయకు, వేరు కుళ్ళుతుంది. దానిమీద బోర్లించిన బుట్ట తీయకు. పక్కింటి పిల్లి పొద్దున్నే వచ్చి ఆ మోళ్ళ మీద పడి దొర్లింది. ఎండుపుల్లల్లో దీనికేం దొరికిందా అని వంగి చూశాను. మొదలు చుట్టూ గోరంత చిగుళ్ళు. ఒకటి నలిపి చూశాను. అదే వాసన, పిల్లులకు పిచ్చెక్కించే వాసన.

చచ్చిందనుకునే పన్నెండు రోజులు నీతో మాట్లాడలేదు. "అత్తయ్య కూడా మొదటి పూత వాడగానే ఇలాగే కోసేది మామయ్యా, అందుకే రెండోసారి పూసేది" అని కోసిన రోజు నువ్వంటే, "ముప్పయ్యేళ్ళు కాపురం చేసింది నువ్వా నేనా?" అన్నాను. కాపురం చేసింది నేనే. ఆవిడ చేతిలో కత్తెర చూసింది మాత్రం నువ్వు. ఆ మొక్క తనంతట తానే రెండుసార్లు పూస్తుందనుకున్నాను ఇన్నేళ్ళూ.

గుండె మీది బండ దిగింది.

మొండి కత్తెరతో కోశావు, కాడలు చీలిపోయాయి. వచ్చే ఏడు పదునుగా ఉంటుంది. నువ్వే కోయి.

ఇంకొకటి. పన్నెండు రోజులుగా నేను కలుపుకున్న కాఫీ నోట పెట్టేలా లేదు. మధ్యాహ్నం నువ్వు కలుపు. ఈ మాట నేనిక ఎత్తను. నువ్వూ ఎత్తకు.