బోల్తా కొట్టించే సారు

సత్తెమ్మా,

నా వంకర రాత బతికున్నప్పుడే నువ్వు చదవలేదు, ఇప్పుడేం చదువుతావు. అయినా రాస్తున్నాను. నిన్న నీ సంవత్సరీకం పెట్టాం.

మన మనవరాలు సుజాత హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నడపడం నేర్చుకుంటోంది. ఇప్పుడు పడవ కెప్టెన్ సర్టిఫికెట్ కోసం గోవా సముద్రంలో శిక్షణకు పోతానంటోంది. నేను ఊ అంటేనే పంపుతానన్నాడు కొడుకు. సర్టిఫికెట్ అనగానే నాకు అనుమానం, డబ్బులు గుంజి ఉత్త కాగితం చేతిలో పెడతారేమోనని. అందుకే ఈ పొద్దున ఎవరికీ చెప్పకుండా ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పిల్లకు పడవ నేర్పే సారు ఏం నేర్పుతున్నాడో చూడడానికి హుస్సేన్ సాగర్‌కు పోయాను.

నేను గట్టు మీద నిలబడి చూస్తుండగానే సారు కేకేసి, పిల్ల చేత పడవను కావాలనే బోల్తా కొట్టించాడు.

"ఏంది సారూ, మునుగుడు నేర్పుతున్నవా?" అని అడిగాను.

"బోల్తా పడ్డ పడవను లేపనీకి రానోళ్లను సముద్రానికి పంపం, పెద్దాయనా" అన్నాడు.

ఈలోపు పిల్ల పడవ అడుగు నుంచి బయటికి పొడుచుకొచ్చిన పలక మీదికెక్కి, బరువంతా వేసి, పడవను లేపి లోపల కూర్చుంది. నన్ను చూసి నవ్వింది.

"తాతా, నువ్వెప్పుడొచ్చినవ్? ఇంకోసారి పడేయాల్నా?"

వద్దన్నాను. గోవా పొమ్మన్నాను. సారు మీద మాత్రం నాకింకా అనుమానమే, అందుకే నేనూ వెంట పోతున్నాను. పిల్ల తల తుడవడానికి నీ మెత్తటి పాత చీర ఒకటి సంచిలో పెట్టుకున్నాను.