మంగళం పాడని పటం

దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాన్న గోపయ్య పెట్టిన గ్రంథాలయం, ప్రదర్శనశాలల యజమానురాలు కౌసల్యమ్మ అనే నేను, ఒంట్లో శక్తి తగ్గినా మతి చెడకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా ఇది. చదివాక నాకు పిచ్చి పట్టిందని నా మేనల్లుడు గౌతమ్ కోర్టుకెక్కుతాడు. అందుకే డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను.

1. వెనక రెండు గదులు, స్కూటరు గౌతమ్‌కు. "అత్తా, గా పాత బొమ్మల పటం చుట్టి అటక మీద పడేస్తే హాల్ల కోచింగ్ సెంటర్ పెట్టొచ్చు" అని నా మంచం పక్కనే నిలబడి అన్నాడు. హాలు వాడికి రాదు.

2. హాలు, పుస్తకాలు, చెదలు తినగా మిగిలిన తాళపత్రాలు, డోళ్లు, గంగాళాలు మా దగ్గర పనిచేసే యోబుకు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా అతనిదే. ఎవరూ పెద్దగా రాని ఈ గ్రంథాలయానికి రోజూ వచ్చి తాళం తీసింది అతనొక్కడే.

3. కిటికీ దగ్గరి పేము కుర్చీ హనుమాయమ్మ గారికి. ఇప్పటి తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆంధ్రావాళ్లకు ఇక్కడేం పని అని వీధిలో అన్నా, ఆవిడ వనస్థలిపురం నుంచి పేపరు చదవడానికి రావడం మానలేదు. "పక్కన ఎవరో కూర్చుని వింటున్నట్టుంటుందండీ, లేవబుద్ధి కాదు" అనేవారు. ఆవిడ చెప్పింది నిజం.

4. అరవై తొమ్మిది ఉద్యమంలో పటం కథలు చెప్పే అంతయ్య మా హాలులో ఆ పటం వేలాడదీసి, ఒక్కో బొమ్మ విప్పుతూ కథ చెబుతున్నాడు. మంగళం పాడేదాకా పటం చుట్టకూడదు, వినేవాళ్లు లేవకూడదు. బయట కేకలు విని కొందరు కుర్రాళ్లు లేచి రోడ్డు మీదికి పరుగెత్తారు. వాళ్లు తిరిగి రాలేదు. "కత నడిమిట్ల ఉంది, ఎవ్వలు ముట్టకుండ్రి, మల్ల ఒస్తా" అని అంతయ్య పటానికి తాడు కట్టి వెళ్లాడు. ఆ నెలలోనే తన ఊళ్లో జ్వరంతో పోయాడు.

కుర్రాళ్ల చాపలు నాన్న తీయనివ్వలేదు, నేనూ తీయలేదు. అక్కడ ఎండ పడదు, అయినా అవి మధ్యాహ్నానికి వెచ్చబడతాయి. తాడు ముడి ఎవరూ విప్పలేదు, అయినా కొన్నేళ్లకోసారి పటం ఒక బొమ్మ మేర కిందికి దిగుతోంది. ఇక ఆఖరి బొమ్మే మిగిలింది. మొదట్లో భయపడేదాన్ని. కథ ముగియక ఆ పిల్లలు ఇంకా లేవలేకపోతున్నారనే ఇప్పుడు నా బాధ.

5. అంతయ్య మనవరాలు పెంటమ్మకు ఆ కథ వచ్చు. సూర్యాపేట దగ్గరి ఊళ్లో ఉంది, సమ్మె వల్ల బస్సుల్లేవు. "జర ఆగమ్మా, బస్సులు నడిసినంక ఎల్‌బీ నగర్ల దిగుత" అని ఫోనులో చెప్పింది. కథ చెప్పినవాళ్లకు ఇచ్చే మర్యాదగా నా పట్టుచీర, వెండి కడియం ఆమెకు. మంగళం పాడాక పటం ఆమే చుట్టి తీసుకుపోవాలి.

6. నేను రోజూ ముందు వరసలో, నాన్న చాప పక్కన కూర్చుంటున్నాను. ఆయన పోయి ఏళ్లయింది. ఆ చాపా వెచ్చగానే ఉంటుంది. పెంటమ్మ రాకముందే నేను పోతే, యోబు ఐసు పెట్టె కిరాయికి తెచ్చి హాలులో నా చాప మీదే పెట్టించాలి. గౌతమ్ ఎంత గొడవచేసినా, ఆమె కథ ముగించి మంగళం పాడేదాకా నన్ను ఎత్తకూడదు. ఆ పిల్లలతో పాటే లేస్తాను.

దిల్‌సుఖ్‌నగర్, 3 అక్టోబరు 2011

(సంతకం) కౌసల్యమ్మ

మా ఎదుట చదివించుకుని, విని, సంతకం చేశారు.
సాక్షులు:
సాయమ్మ, ఎల్‌బీ నగర్
శాంసన్, మలక్‌పేట