తెలియకూడని పాఠాలు

గుంటూరు,
జూలై

బోడిగుట్టపాలెం బడి తల్లిదండ్రుల కమిటీ పెద్ద రాజరత్నం గారికి,

నమస్కారం. నా పేరు మల్లీశ్వరి. మొన్న మీ ఊరు వచ్చినప్పుడు మీరు సగం తలుపు వెనకాల నిలబడి "ఉత్తరం రాయమ్మా, నాకు మాట్లాడటం రాదు" అన్నారు. అందుకే రాస్తున్నాను.

మా ఆఫీసు పల్లె పిల్లలకు సైన్సు, లెక్కలు ఆటలాగా నేర్పే క్లాసులు పెడుతోంది. వాటి వల్ల పిల్లల్లో ఏమైనా తేడా వస్తోందా లేదా చూడటం నా పని. అది చూడాలంటే రెండు ఊళ్ళు కావాలి. ఈ ఏడు వాగవతల వాగొడ్డుపల్లెలో ప్రతి శనివారం క్లాసు జరుగుతుంది. మీది పోలిక ఊరు. అంటే మీ దగ్గర ఏమీ జరగదు. మార్చిలో రెండు ఊళ్ళ పిల్లలకూ ఒకటే పరీక్ష. వచ్చే ఏడు క్లాసు మీ వంతు.

ఒక్కటే షరతు. అప్పటిదాకా మీ ఊళ్ళో ఏ మార్పూ చెయ్యకండి. చేస్తే మీ ఊరి పేరు కొట్టేస్తారు. వంతు కూడా పోతుంది.

మీ సహాయం కోరుతూ,
మల్లీశ్వరి

తా.క. ఏమీ చెయ్యకుండా ఉండటం పెద్ద కష్టం కాదనుకుంటాను.


బోడిగుట్టపాలెం,
పెద్దారవీడు మండలం

మల్లీశ్వరి మేడం గారికి రాజరత్నం వందనాలు.

మీ ఉత్తరం చర్చిలో చదివించాను. నేను చదవలేదు, పాస్టరు గారు చదివారు. అందరూ ఒప్పుకున్నారు. మా మనవరాలు హన్నా ఇప్పుడు ఏడో తరగతి. వచ్చే ఏడాది ఎనిమిది. మా బళ్ళో అదే ఆఖరు తరగతి. వంతు తప్పితే మళ్ళీ ఆ పిల్లకు లేదు. కాబట్టి గట్టిగా ఉన్నాము.

శ్యాంసన్ ఇంటికి సున్నం వేద్దామని నానబెట్టుకున్నాడు. వేస్తుండగా ఆపించాము. ఒక గోడ తెల్లగా, మూడు గోడలు ఎర్రగా ఉన్నాయి. అతని భార్య కరుణమ్మ కోడి పొదుగుతోంది. పిల్లలైతే ఊళ్ళో మార్పు వచ్చినట్టేనా అని అడుగుతోంది. చర్చి గంట తాడు తెగింది. కొత్తది కట్టలేదు. పళ్ళెం మీద గరిటెతో కొడుతున్నాము.

కోడి సంగతి త్వరగా రాయండి.

విధేయుడు,
రాజరత్నం

తా.క. మొన్న వాన పడింది. అది మేము చేసింది కాదు.


గుంటూరు,
ఆగస్టు

గౌరవనీయులైన రాజరత్నం తాతగారికి,

మీ ఉత్తరం బస్సులో చదివి నవ్వుతుంటే పక్క సీటు ఆవిడ లేచి ముందుకు వెళ్ళి కూర్చుంది.

తాతగారూ, పొరపాటు నాది. సున్నం వేసుకోమనండి. గంటకు తాడు కట్టండి. కోడిని దాని పని చేసుకోనివ్వండి. నేను చెప్పింది క్లాసుల గురించి మాత్రమే. వాగొడ్డుపల్లెలో చెప్పే పాఠాలు మీ పిల్లలకు తెలియకూడదు. అంతే. మిగతావన్నీ మామూలే.

మాది దోర్నాల దగ్గర గూడెం. మా బడికి తాళం ఉండేది, తీసేవాళ్ళు ఉండేవాళ్ళు కాదు. కిటికీలో నుంచి లోపల గోడ మీది పటాలు చూసి పెరిగాను. ఒక ఊరి పిల్లలను ఏడాది ఆగమని చెప్పడం నాకూ బాధగానే ఉంది. కానీ పని పద్ధతి అది.

మీ,
మల్లీశ్వరి


బోడిగుట్టపాలెం

అమ్మా మల్లీశ్వరికి తాత రాజరత్నం రాసేది.

కోడికి తొమ్మిది పిల్లలు. శ్యాంసన్ ఇల్లు తెల్లబడింది.

పాఠాల విషయం. ఏవి తెలియకూడదో మాకు తెలియలేదు. తెలియకపోతే దేన్ని ఆపాలి. అందుకని శనివారాలు నేను, శ్యాంసన్, కరుణమ్మ వాగు దాటి వెళ్ళి క్లాసులో వెనక కూర్చుంటున్నాము. ఆ ఊరి పెద్ద మాలకొండయ్య "ఏంది బావా, ఈ వయసులో పలక పట్టినావు" అన్నాడు. "నేర్చుకునేదానికి కాదు, కాపలాకి" అన్నాను. చాప వేశాడు.

మొదట నీడల పాఠం. మన నీడ మనంత పొడుగు ఉన్నప్పుడు చర్చి గోపురం నీడ కూడా గోపురమంత ఉంటుందట. ఇది మా పిల్లలకు తెలియకుండా చూడాలంటే, ముందు నిజమో కాదో చూసుకోవాలి గదా. పిల్లలు బళ్ళో ఉండగా శ్యాంసన్‌ను చర్చి ముందర నిలబెట్టాము. అతని నీడ చివర గుర్తు పెట్టి, అతన్ని నీడ మీదే పడుకోబెట్టాము. నీడ పొడుగైతే లేపి, కాసేపాగి మళ్ళీ నిలబెట్టాము. అట్లా లేపుతూ, పడుకోబెడుతూ ఉంటే ఒకసారి నీడ, మనిషి సరిపోయారు. గోపురం నీడ కరుణమ్మ మేకల దొడ్డి దాకా పోయింది. ఆ గోపురాన్ని నేను పుట్టినప్పటి నుంచి తలెత్తి చూశాను. నేల మీద దాని పక్కన నడవటం అదే మొదలు. ఎవరో పెద్దాయనతో కలిసి నడిచినట్టు ఉండింది.

తరవాత చీకటి గది పాఠం. చర్చి కిటికీలకు దుప్పట్లు కట్టి, రేకు తలుపుకు మేకుతో చిల్లు పొడిచాము. కాసేపు కళ్ళు మూసుకుని తెరిస్తే, ఎదుటి గోడ మీద మా బోడిగుట్ట తలకిందులుగా వేలాడుతోంది. ఆకాశం కింద ఉంది. మేకలు పైకప్పుకు కాళ్ళు ఆనించి మేస్తున్నాయి.  బయట నిలబెట్టిన శ్యాంసన్ బీడీ కాలుస్తూ గోడ మీద తలకిందులుగా నడుచుకుంటూ పోయాడు. కరుణమ్మ మెల్లగా "అట్ల పోతాన్నా బీడీ పడలేదు సూడు" అంది.

ఉన్నట్టుండి కొండ ఆరిపోయింది. చూస్తే చిల్లు దగ్గర ఒక కన్ను ఉంది. ప్రార్థన చేస్తున్నామని లోపలి నుంచే చెప్పి పంపించాము. అబద్ధం ఆడామని పాస్టరు గారు బాధపడి, మళ్ళీ ఒకసారి చిల్లు తెరిపించి, ఆ చీకట్లోనే నిజంగా ప్రార్థన చేయించారు. కొండను చూస్తూ చేశాము.

పిల్లలకు ఏమీ తెలియదు. నిశ్చింతగా ఉండు.

రాజరత్నం

తా.క. చింతగింజలు ఒక పక్క అరగదీసి, వేసి, ఎన్నిసార్లు తెల్లగా పడతాయో రాసుకునే పాఠం కూడా కాపలా కాశాము. పాస్టరు గారు జూదమనుకున్నారు. ఇప్పుడు ఆయనా వేస్తున్నారు.


గుంటూరు

తాతగారికి,

కార్డు మీదే రాస్తున్నాను, తొందరగా చేరాలని. దయచేసి కాపలా ఆపండి. వాగు దాటకండి. చీకటి గది అసలు వద్దు. ఆ కన్ను ఎవరిది?

కంగారుతో,
మల్లీశ్వరి


బోడిగుట్టపాలెం,
మార్చి

అమ్మా మల్లీశ్వరికి ఆశీర్వాదాలు.

నీ కార్డు పోస్టుమాన్ దగ్గర తీసుకుని పండక్కి మార్కాపురం పోయినవాళ్ళ సంచిలో ఉండిపోయి, ఇప్పుడు అందింది. అప్పటికి పాఠాలన్నీ అయిపోయాయి. ఒక్కటి కూడా వదలకుండా కాపలా కాశాము.

పరీక్ష బాగా జరిగింది. పిల్లలను బయటకు వచ్చాక అడిగాను. "ఏం రాసినారు?" అంటే "ఏం లేదు తాతా, ఊరికే రాసినాం" అన్నారు. మనసు కుదుటపడింది. వాళ్ళకు ఏమీ తెలియలేదు.

కన్ను ఎవరిదో అడిగావు. ఒక్క కన్నును బట్టి చెప్పలేము. కాటుక ఉంది.

వచ్చే ఏడాది క్లాసు ఏ నెలలో మొదలు పెడతారో రాయి. హన్నా రోజూ అడుగుతోంది.

రాజరత్నం


గుంటూరు,
ఏప్రిల్

తాతగారికి నమస్కరించి మల్లీశ్వరి రాసేది.

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను.

పరీక్షలో మీ ఊరి పిల్లలు వాగొడ్డుపల్లె పిల్లల కంటే బాగా రాశారు. కొంచెం కాదు. చీకటి గది బొమ్మ గీయమంటే క్లాసు విన్న పిల్లలు కొండను గీశారు. మీ పిల్లలు కొండ, మేకలు, బీడీతో ఒక మనిషిని కూడా గీశారు. అన్నీ తలకిందులుగానే.

మా పై అధికారి నరసింహం గారు ఆ కాగితాలు చూసి ఎంతో సంతోషించారు. "క్లాసులు పెట్టిన ఊరి కంటే ఏమీ చెయ్యని ఊరు ముందుంది. కాబట్టి ఏమీ చెయ్యకపోవడమే మంచి పద్ధతి. ఖర్చు కూడా లేదు. వచ్చే ఏడు నుంచి అన్ని ఊళ్ళల్లో ఇదే చేద్దాం" అన్నారు. వాగొడ్డుపల్లె క్లాసు ఎత్తేస్తారు. మీ వంతు క్లాసూ ఉండదు. ఏమీ చెయ్యకపోవడాన్ని ఎట్లా అమలు చెయ్యాలో చెప్పడానికి ఒక శిక్షణ మాత్రం పెడతారట.

మీ ఊళ్ళో ఏం జరిగిందో సంతకంతో రాసిస్తే ఆయనకు చూపిస్తాను. అప్పుడు వాగవతల క్లాసు నిలుస్తుంది. కానీ షరతు ప్రకారం మీ ఊరి పేరు కొట్టేస్తారు, మీకు క్లాసు రాదు. రాయకపోతే రెండు ఊళ్ళకూ లేదు, కాకపోతే మొదట వచ్చిన ఊరని మీ పేరు మా ఆఫీసు పుస్తకంలో పడుతుంది.

ఏది చెయ్యమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

మల్లీశ్వరి


బోడిగుట్టపాలెం

అమ్మా మల్లీశ్వరికి, మీ పై అధికారి గారికి, రాజరత్నం వందనాలతో మనవి.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోమన్నాను. నేను నలుగురిలో లేచి మాట్లాడటం ఇదే మొదటిసారి. ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

శ్యాంసన్ అన్నాడు. "మనం గమ్మునుంటే ఫస్టు వచ్చినామని పుస్తకంలో పడతాది గదా మామా."

"ఫస్టు వచ్చి ఏం జేసుకుంటావు. అవతల పిల్లోళ్ళ క్లాసు పోతాంటే" అంది కరుణమ్మ. "మనకి చాప ఏసి కూసోబెట్టినోళ్ళు వాళ్ళు."

అప్పుడు పిల్లలను అడిగాను, ఎట్లా తెలిసిందని. అందరూ హన్నా వైపు చూశారు. హన్నా కళ్ళకు ఆ రోజు కూడా కాటుక ఉంది.

"మీరు దాచిపెట్టినారు తాతా, అందుకే చూసినాం. నువ్వు శ్యాంసన్ చిన్నాయనను ఎండలో పడుకోబెట్టి లేపుతాంటే బడి గోడెక్కి అందరం చూసినాం. మీరు ఇంటికిబోయినాక మేము కొలిచినాం. మీరు చర్చిలోంచి బయటికొస్తే మేము లోపలికి పోయినాం. అదే బళ్ళో చెప్పింటే నాకు నిద్రొచ్చేది."

"మరి నాకెందుకు చెప్పలేదు" అన్నాను.

"మాకు తెలీదని నువ్వు సంతోషంగా ఉంటివి గదా."

కాబట్టి అయ్యా, మా ఊరు ఏమీ చెయ్యకుండా ఉన్న ఊరు కాదు. పెద్దవాళ్ళం నేర్చుకున్నాము. పిల్లలు మమ్మల్ని చూసి నేర్చుకున్నారు. క్లాసు లేకపోతే మేము కాపలాకు పోయేదానికే ఏమీ ఉండేది కాదు. వాగొడ్డుపల్లె క్లాసు తియ్యవద్దు. మా పేరు కొట్టెయ్యండి.

ఇది నిజమని సంతకం,
రాజరత్నం

తా.క. ఇది పై అధికారి గారు చదవనక్కరలేదు. అమ్మా, సంతకం పెట్టి ఇంటికి వచ్చాక హన్నా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. నువ్వేమీ అనుకోవద్దు.


గుంటూరు,
జూన్

తాతగారికి,

మీ ఉత్తరం నరసింహం గారు నిలబడి చదివారు. తరవాత కూర్చుని మళ్ళీ చదివారు. వాగొడ్డుపల్లె క్లాసు ఇంకో రెండేళ్ళు నడుస్తుంది. మీ ఊరి పేరు కొట్టేశారు. ఆ గీత నా చేతే గీయించారు.

హన్నా ముఖం చూడలేను, అయినా వస్తాను. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం మధ్యాహ్నం బస్సుకు. నాకు మీ పిల్లలకు క్షమాపణ చెప్పుకోవాలని ఉంది. నా సొంతంగా ఒక పాఠమైనా చెప్పి పోతాను.

మల్లీశ్వరి


బోడిగుట్టపాలెం

అమ్మా మల్లీశ్వరికి, తాత ప్రేమతో.

నీ ఉత్తరం హన్నా చేత చదివించాను. కొట్టేశారు అన్న చోట ఆగింది.  ఏడుస్తోందేమో అనుకున్నాను. తరవాత "తాతా, పేరు కొట్టేసినారంటే మనం ఇప్పుడు పోలిక ఊరు కాదు గదా" అంది. కాదన్నాను. "అట్లయితే మేము వాగవతలికి పోతే ఇంక ఎవరు ఆపేది" అంది.

నేను ఆలోచించాను. ఎవరూ లేరు.

శనివారం మా పిల్లలందరూ వాగు దాటారు. వాగులో చీలమండ లోతు నీళ్ళు. చెప్పులు చేతుల్లో పట్టుకుని, కొంగల్లాగా వరసగా పోయారు. మాలకొండయ్య చాపలు చాలక బరకం పట్టా పరిచాడట. వాళ్ళకు క్లాసు దొరికింది. నువ్వు క్షమాపణ తెచ్చే పని లేదు. ఆదివారం నువ్వు వచ్చేసరికి ఊళ్ళో ఒక్క పిల్ల కూడా ఉండదు. ఈ వారం క్లాసులో ఇచ్చిన పని ఆ బరకం మీద కూర్చుని చెయ్యడానికి వాగు దాటి పోతున్నారు.

అయినా నువ్వు రా. చర్చిలో శ్యాంసన్, కరుణమ్మ, పాస్టరు గారు, మిగతా పెద్దవాళ్ళు కూర్చుని ఉంటారు. పోయిన ఏడాది కాపలా కాశాము. ఈసారి నేర్చుకుందామని వస్తున్నాము. నేను ఆఖరు వరసలో ఉంటాను. నన్ను లేపి ప్రశ్న అడగవద్దు. లేస్తే నాకు మాట రాదు. నేనే ఒకటి అడుగుతాను, అందుకే ముందుగా రాస్తున్నాను.

ఎండాకాలం మార్కాపురం రోడ్డు మీద నడుస్తుంటే దూరంగా నీళ్ళు కనిపిస్తాయి. చెట్టు నీడ కూడా అందులో కదులుతుంది. దగ్గరికి పోతే ఉండవు. ఇంకొంచెం అవతల ఉంటాయి. చిన్నప్పుడు మా నాయన వెంట పలకల గనికి పోతూ దాహమై, ఆ నీళ్ళ దగ్గర ఆగుదాం అన్నాను. మా నాయన సరే అన్నాడు. గని వచ్చేదాకా సరే, సరే అంటూనే ఉన్నాడు. అవి ఎక్కడి నీళ్ళు అని అప్పటి నుంచి ఎవరినీ అడగలేదు. నవ్వుతారని.

నీ రాక కోసం చూస్తూ,
రాజరత్నం

తా.క. హన్నాకు జవాబు తెలుసట. చెప్పబోయింది. చెవులు మూసుకుని దొడ్లోకి పోయాను. నాకు ఆదివారం దాకా ఆ నీళ్ళు అట్లాగే ఉంటే బాగుంటుంది.