తాత ఫిరంగి వంతు

క్లబ్బు గది,
గురువారం, మధ్యాహ్నం.

అన్నయ్యకు చేతులు జోడించి, పళ్ళు కూడా నూరుతూ, తమ్ముడు రాస్తున్నది.

నువ్వు క్షేమమేనని తెలుసు. పొద్దున నా ఎదురుగానే కూర్చుని రెండోసారి వడ్డించుకున్నావు. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు, పది రోజులుగా మనకు మాటల్లేవు. మర్యాదలు అయ్యాయి కనుక నేరం చెబుతున్నాను. పోయిన మనిషి ఆటను చెరిపేశారు. చెరిపింది నువ్వు.

మన బల్లమీది యుద్ధాలకు గీతల తాత పెట్టిన నియమం ఒక్కటే. పూర్తికాని ఆట మీద గుడ్డ కప్పాలి, ఎవరి వంతు ఆగిందో వాళ్ళు వచ్చేదాకా ఒక్క బొమ్మనీ కదపకూడదు. ఆ సాయంత్రం ఆగింది తాత వంతు. తెల్లారేసరికి ఆయన లేరు. మూడో రోజుకల్లా నువ్వు సైనికులందర్నీ పెట్టెలో పోసి తాళం వేశావు. పోయినాయన వంతు ఎవడాడతాడ్రా అన్నావు. తాళంచెవి జేబులో ఉన్నంత మాత్రాన చరిత్ర నీదైపోదు! ఇది ఎక్కడో చదివింది కాదు, నా సొంతం. మీరంతా నన్ను ‘కరపత్రం’ అని పిలిచినా, నాకూ సొంత వాక్యాలున్నాయి.

సర్వే ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు పటాలు గీసిన మనిషి, మన బొటనవేలంత సైనికులకు దేశాలు కట్టిపెట్టాడు. థర్మోకోల్ చెక్కి కొండలు, గిన్నెలు తోమే పీచు చింపి అడవులు. బొమ్మలు ఒరిగిపోకుండా చెప్పుల పెట్టెలో అయస్కాంతం పరిచాడు. ఎవరూ చేతివాటం చూపకుండా పాచికలకి అట్టతో గోపురం చేశాడు, పైన వేస్తే మెట్లమీద దొర్లి కిందికి వస్తాయి. నేను చేసింది ఒక్క కొలకర్ర. ఆయన తన ఇత్తడి స్కేలుతో కొలుస్తుంటే, మీకొక కొలతా మాకొక కొలతా అని పోట్లాడి, కింది దర్జీ ఇచ్చిన పాత టేపును బద్దకి అంటించి, ‘అందరికీ ఒకే కొలత’ అని గోడమీద రాశాను.

ఆ సాయంత్రం అందరూ చూశారు. తాత ఫిరంగి గుండు పన్నెండంగుళాలే వెళుతుంది. నీ గుర్రాల దాకా సరిగ్గా పన్నెండురా అన్నారు తాత. కర్ర పదమూడు చూపింది. వయసొస్తే దొంగాట కూడా ధర్మమైపోతుందా తాతా అన్నాను. అందరూ నవ్వారు. ఆయన దగ్గి, రేపు చూద్దాంలేరా అంటూ గుడ్డ కప్పారు. సూత్రం సూత్రమే. దానికి విచారించను.

సోమవారం మారుతాళంతో పెట్టె తెరిచాను. అవును, దొంగతనమే. గుడ్డ కప్పేముందు ప్రతి బొమ్మ చుట్టూ సుద్దతో గీయడం తాత అలవాటు కదా. నువ్వు బొమ్మల్ని తీశావు గాని గీతల్ని తుడవలేదు. మనుషులు లేచి వెళ్ళిపోయిన పక్కల్లా ఉన్నాయవి. ఎవరి గీతలో వాళ్ళని నిలబెట్టాను.

అప్పట్నుంచి గదిలో దగ్గు. తప్పు దిద్దేముందు తాత దగ్గే దగ్గు, రెండు పొట్టివి, ఒకటి పొడుగు. ఫిరంగికీ నా గుర్రాలకీ మధ్య జాన పెట్టి చూసినప్పుడల్లా వస్తుంది. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. రంగు కుంచెలు కడిగే సీసాలో నీళ్ళు మాత్రం కదులుతుంటాయి. నిన్న దర్జీ కింది నుంచి కేకేశాడు, తాతగారికి కాసిని మంచినీళ్ళివ్వు బాబూ, ఒకటే దగ్గుతున్నారు అని. అన్నాక ఆయనకే గుర్తొచ్చినట్టుంది. కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

నాకు భయమేం లేదు, నేను హేతువాదిని. మెట్లెక్కేటప్పుడు కాస్త గట్టిగా పాట పాడుకుంటున్నాను, అంతే.

పెట్టెలో అన్నీ దొరికాయి, నా కొలకర్ర తప్ప. సమానత్వమంటే నీకంత కంటగింపా? జవాబు చెప్పి తీరాలి.

ఇట్లు,
నీ మీద ఇంకా కోపంగానే ఉన్న
తమ్ముడు

తా.క.: ఉత్తరం మడిచి కిందికి దిగితే దర్జీ నా కర్ర చేతికిచ్చాడు. దానికి కొత్త టేపు ఉంది. మీ అన్నయ్య దీన్ని, తాతగారు పోయిన మూడో రోజే ఇచ్చాడు, తమ్ముడికి తెలియకుండా మార్చమన్నాడు, పాతదాంట్లో మొదటి అంగుళమే లేదు బాబూ అన్నాడు.

నిజమే. ఆ చివర నలిగిందని నేనే కత్తిరించాను. కోసిన చోటు కనబడకుండా ఎర్రరంగు పూశాను.

పైకి వెళ్ళి కొలిచాను. పన్నెండు. సరిగ్గా పన్నెండు. దగ్గు వినపడలేదు. తాతా అని పిలిచాను అన్నయ్యా. మళ్ళీ కొలిచాను, కావాలని తప్పుగా కూడా కొలిచాను. దగ్గలేదు.

తప్పు నా కర్రదేనని నాకు తెలియకూడదనే బల్ల ఖాళీ చేశావు. పైన రాసింది చింపను, అందరి ముందూ నేనే చదువుతాను. ఆ రోజు నవ్విన వాళ్ళందర్నీ పిలుచుకురా, దర్జీని కూడా. తాత వంతు నువ్వు ఆడాలి. పాచికలు ఆయన గోపురంలోనే వెయ్యి. నా గుర్రాలు ఫిరంగి ఎదుటే నిలబడి ఉంటాయి.

ఆదివారం సాయంత్రం, నాలుగింటికి. అందరూ రావాలి.