ముందుగా కుట్టిన బొంత

గోదావరిఖని,
అల్లుడి క్వార్టర్ నుంచి

పెద్దక్క రాజవ్వకు, నీ చిన్న తమ్ముడు మల్లేశం కాళ్ళకు మొక్కి రాస్తున్నాను.

అక్కా, అన్నిటికంటే ముందు మంచి మాట. మన స్వరూప, పసిబిడ్డ ఇద్దరూ దవాఖాన నుంచి ఇంటికొచ్చారు. ఇద్దరూ బాగున్నారు. అల్లుడు శ్రీను బాగున్నాడు, నేనూ బాగున్నాను. ఈ ఉత్తరంలో ముందు ముందు గుబులు పుట్టించే సంగతులు వస్తాయి. అవి వచ్చినప్పుడల్లా ఈ మొదటి మాట గుర్తు చేసుకో. కోడలు లతా, చదివేది నువ్వే కాబట్టి నీకూ చెబుతున్నాను తల్లీ, మధ్యలో ఆపి మీ అత్తను ఏడిపించకు.

నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? కంట్లో మందు వేసుకుంటున్నావా, లేక సీసా గూట్లో పెట్టి మరిచిపోయావా? బర్రె ఈనిందా? ఫోన్ చేద్దామంటే నీకు సరిగ్గా వినపడదు. నేను అరిస్తే ఇక్కడ క్వార్టర్ల లైను మొత్తం వింటుంది. ఇది లైను మొత్తం వినే సంగతి కాదు. అందుకే ఐదో తరగతి దాకా నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కొని రాస్తున్నాను. తప్పులుంటే లత సర్దుకొని చదువుతుంది.

నేను ఊరు విడిచి ఇక్కడికొచ్చి ఒక చలికాలం గడిచిపోయింది, ఎండాకాలం సగానికొచ్చింది. స్వరూపకు ఇన్నేళ్ళకు కడుపు నిలిచింది, అల్లుడిదేమో షిఫ్టు డ్యూటీ, పక్కన మనిషి లేడు అనే కదా పొలం కౌలుకిచ్చి వచ్చాను. ఇక్కడి ఎండ మన ఊరు జైపూర్ ఎండ లాంటిది కాదక్కా. రాత్రి కూడా గోడ మీద చెయ్యి పెట్టలేం. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. ఆ తర్వాత ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ పెడతారు. కిటికీలు గలగలమంటాయి, అటక మీది గిన్నెలు జరుగుతాయి. మొదట్లో ఇల్లు కూలుతుందేమోనని బయటికి ఉరికేవాడిని. ఇప్పుడు కూడా సైరన్ వినగానే ఉరుకుతాను గానీ, అది తీగ మీద ఆరేసిన గుడ్డల కోసం. కొంచెం ఆలస్యమైతే చాలు, తెల్ల గుడ్డ మీద నల్లటి పొడి కూర్చుంటుంది. తిండికి ఏ లోటూ లేదు, నువ్వు ఆ ఫికర్ పెట్టుకోకు. జొన్నరొట్టె నేనే చేసుకుంటున్నాను. మన ఊళ్ళో లాగా పొంగదు, అంతే.

లోటంతా మాటకే. ఊళ్ళో లేస్తే పొలం, పొలం దగ్గరికి పోతే ఎవరో ఒకరు పలకరించేవారు. ఇక్కడ కనపడే మనిషి అయితే డ్యూటీకి పోయేవాడు, లేదంటే డ్యూటీ దిగొచ్చి పడుకునేవాడు. ఎవరిని లేపి మాట్లాడతాం? అందుకే నువ్వు నేర్పిన పనే మళ్ళీ పట్టుకున్నాను. స్వరూప తల్లి కమల పోయి ఇంట్లో నేనూ గోడలూ మిగిలినప్పుడు, గోనెసంచి కుట్టిన చెయ్యి బొంతకు పనికిరాదా అని నువ్వు నా చేతిలో సూది పెట్టి కూర్చోబెట్టావు. ఆ సూది ఇక్కడ కూడా నన్ను బతికించింది.

మొదట అల్లుడి బండి సీటు చిరిగిందని దాని మీదికి ఒక ముక్క కుట్టాను. దానికి వాడిన అతని పాత డ్యూటీ ప్యాంటు గుడ్డ చాలా మందం, సూదులు విరిగాయి. తర్వాత టిఫిన్ డబ్బాకు సంచి కుట్టాను. అది చూసి పక్క క్వార్టర్ భాగ్య తన పాత చీరలు పట్టుకొచ్చింది. ఆమె భర్త కూడా గనిలోనే పని. నన్ను కాకా అంటుంది. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది, ఏ కూర వండినా మాకొక గిన్నె వస్తుంది.

"మొగోళ్ళు బొంత కుట్టుడు గిప్పుడే సూస్తున్న కాకా. మా ఆయనకు గూడ జర నేర్పు, ఇంట్ల ఉంటె ఫోన్ తప్ప ఇంకోటి పట్టడు" అంది.

ఆమెకు కుట్టిచ్చాక లైనులో మరికొందరు తెచ్చారు. ఈ కాలం చీరలు జారుడు గుడ్డలక్కా, సూది నిలవదు, చెమట పీల్చవు. ఎవరైనా నూలు చీర తెస్తే ఆ రోజు నాకు పండుగ. పొద్దున వెలుతురు ఉండగానే సూదులన్నిటికీ దారం ఎక్కించి క్యాలెండరుకు గుచ్చి పెట్టుకుంటాను. గుడ్డలు పొరలు పొరలుగా పరిచి, మూలలకు బరువులు పెట్టి, జరగకుండా టాకాలు వేసి, అప్పుడు ఒక పక్క నుంచి వరుసగా కుట్టుకుంటూ పోతాను. నా కుట్టు ఎడ్లు నడిచినట్టు ఉంటుందని వెక్కిరించేదానివి. ఇప్పుడు చూస్తే ఆ మాట అనవు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. కోప్పడతావు. కోప్పడు గానీ చివరి దాకా విను.

మన ఇంట్లో అమ్మ పెట్టిన పద్ధతి నాకు తెలియనిది కాదు. కడుపులో ఉన్న బిడ్డ కోసం సూది పట్టకూడదు, ఉయ్యాల తాడు కూడా తేకూడదు. బిడ్డ భూమ్మీద పడి ఏడ్చాకే పాత గుడ్డలు వెతకాలి. స్వరూప పుట్టినప్పుడు నువ్వు అట్లాగే కుట్టావు, నేను పక్కన కూర్చొని చూశాను. పైగా స్వరూపకు ఇంతకుముందు నిలవక పోయిన కడుపులు ఉన్నాయి. అటువంటి పిల్ల విషయంలో ఎంత జాగ్రత్తగా ఉండాలి? అన్నీ తెలుసక్కా. కానీ ఒకరోజు స్వరూప అన్నం తింటూ తింటూ ఆగి, తనలో తనే నవ్వి, "తంతున్నది బాపు" అంది. నేను ముద్ద కంచంలోనే వదిలేశాను. సంతోషం అక్కా, ఇంకేమీ కాదు. ఆ మధ్యాహ్నం ఆమె పడుకోగానే నా సందూక తెరిచి, కమల నూలు చీరలు తీసి, వరండాలో పరుచుకొని కూర్చున్నాను. చెయ్యి ఆగలేదు.

పద్ధతి తప్పుతున్నానని గుబులు ఉంది. అందుకని నాకు నేనే ఒక ఉపాయం చెప్పుకున్నాను. మూడు పక్కలా మూసి, ఒక పక్క అంచు కుట్టకుండా వదిలేస్తే అది బొంత కాదు, ఒక దాని మీద ఒకటి పరిచిన గుడ్డలే అని. బిడ్డ పుట్టాక ఆ ఒక్క పక్క మూస్తే చాలు, అమ్మ మాటా నిలుస్తుంది, నా బొంతా అవుతుంది. ఎవరి కంటా పడకుండా బియ్యం డబ్బా వెనక దాచేవాడిని.

ఒకరోజు తీసి వరుసలు సరిచూసుకుంటుండగా దారం అయిపోయింది. బొంత వరండాలోనే వదిలి చౌరస్తా దాకా పోయాను. భాగ్య కూర ఇవ్వడానికి వచ్చి, ఆ తెరిచిన అంచు చూసి, ముసలాయనకు చూపు ఆనక వదిలేశాడనుకుంది పాపం. కూర్చొని మొత్తం మూసేసి, మడత పెట్టి పోయింది. నేను వచ్చి మడత విప్పి చూశాను, నాలుగు పక్కలా మూసి ఉంది. విప్పుదామంటే అప్పటికే చీకటి పడుతోంది. పొద్దున విప్పుతానులే అనుకున్నాను.

పొద్దున అల్లుడు ఫస్టు షిఫ్టుకు పోయిన కాసేపటికి స్వరూపకు నొప్పులు వచ్చాయి. ఇంకా నెలలు నిండలేదు. ఆటోలో ఆమె నా చెయ్యి పట్టుకొని మూలుగుతుంటే, నా కళ్ళ ముందు ఆ మూసిన అంచే ఉంది. పిల్ల పుట్టింది, ఏడ్చింది, కానీ ఎంతున్నది అక్కా, రెండు అరచేతుల్లో సరిపోయింది. పిల్ల పుట్టిందని అల్లుడు మీకు ఫోన్లో చెప్పాడు, గాజు పెట్టెలో పెట్టారని చెప్పలేదు. నేనే చెప్పొద్దన్నాను.

ఆ రోజు ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, బ్లేడు తీసుకొని ఆ అంచు మొత్తం విప్పాను. మరునాడు భాగ్య అన్నం గిన్నె తెచ్చింది, నేల మీద దారం ముక్కలు చూసింది. ముఖం చిన్నబోయింది.

"నేనేసిన కుట్టు గంత ఆగమున్నదా కాకా, ఇప్పేసినవ్?"

వంకర పోయిందమ్మా అని అబద్ధం చెప్పాను. ఏం చెప్పాలి మరి? నీ చెయ్యి పడ్డాకే ఇట్లా అయిందని చెప్పనా? ఆమె అన్నం గిన్నె గడపలో పెట్టి పోయింది. ఆ తర్వాత కూర రావడం ఆగిపోయింది.

కొన్నాళ్ళకు పిల్లను పెట్టెలోంచి తీసి తల్లి దగ్గరికి ఇచ్చారు. బరువు ఇంకా పెరగాలని, వెచ్చగా ఉంచాలని, మెత్తటి పాత గుడ్డలు తెమ్మని నర్సమ్మ చెప్పింది. నేను నా ధోవతి చింపి, ఉడకబెట్టి, ఆరబెట్టి తీసుకుపోయాను. బొంత మాత్రం తీసుకుపోలేదు. దాన్ని ముట్టుకుంటేనే భయం. స్వరూప ఆ ధోవతి ముక్కలు చూసింది, పక్క మంచం వైపు చూసింది. అక్కడ ఇంకొకరి పిల్ల కింద రంగురంగుల బొంత ఉంది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది.

"బాపు, ఒకటడుగుత, నిజం చెప్పు. లైనుల అందరికి కుట్టిచ్చినవ్. నా బిడ్డకు ఒక్క కుట్టు వెయ్యకపోతివి. ఇది ఉండదనుకుంటున్నవా?"

అక్కా, నా బతుకులో అంత దెబ్బ ఎవరూ కొట్టలేదు. పిల్ల క్షేమం కోసం దాచాననుకున్నాను గానీ, తల్లి మనసులో ఏముందో చూడలేదు. ఇక దాచలేదు. కమల చీరలు, వదిలేసిన అంచు, భాగ్య మూయడం, నేను విప్పడం, మొత్తం చెప్పాను. తిడితే తిట్టనీ, ఏడిస్తే ఏడవనీ అనుకున్నాను. ఆమె పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టుకొని విన్నది.

"పుట్టకముందే కుట్టినవా?" అని మళ్ళీ అడిగింది.

అవునన్నాను, తప్పయిందన్నాను.

"తప్పేంది బాపు. అంటె ఇది వస్తదని నీకు నమ్మకముండె. నాకైతె లేకుండె. దినాం లేసి, ఇయ్యాల పోతదేమో అనుకునుడే. ఇంట్ల ఒక్కలన్న నమ్మితె బాగుండని ఉంటుండె. చెప్తె ఏమాయె నాకు?"

ఇద్దరం ఏడ్చాం. నర్సమ్మ వచ్చి, పాలిచ్చే తల్లిని ఏడిపిస్తావా తాతా అని నన్ను కోప్పడింది. పోయేటప్పుడు స్వరూప, రేపు పట్టుకరా అంది.

నేను ఇంటికి కాదు, నేరుగా భాగ్య దగ్గరికి పోయి గడపలో కూర్చున్నాను. ఆమెకు కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. విన్నది, వినగానే ముఖం పాలిపోయింది. "నా చెయ్యి మంచిది కాదా కాకా?" అని మెల్లగా అంది. అంత నోరున్న మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. నాకు లోపల భయం పోయిందని చెబితే అబద్ధమే. అయినా ఇంటి నుంచి బొంత తెచ్చి ఆమె ముందు పరిచాను. "నీ చెయ్యే కావాలె బిడ్డా. నువ్వే మూయాలె" అన్నాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకొని, సూది తీసుకొని, మొదటి కుట్టు వేసింది. మూలకు వచ్చాక మళ్ళీ పాత భాగ్య అయింది. "ఈపాలి ఇప్పితె మాత్రం నీకు కూర బందు" అంది.

వేడి నీళ్ళలో ఉతికి, బయట వేస్తే పొడి పడుతుందని, కిటికీలు మూసి లోపల ఫ్యాను కింద ఆరబెట్టాను. ఆ ఉక్కకు నేను ఉడికిపోయాను గానీ బొంత మీద ఒక్క నల్ల చుక్క పడనివ్వలేదు. దవాఖానలో పిల్లను దాని మీద పడుకోబెడుతుంటే నేను చూడలేక కిటికీ వైపు తిరిగాను. స్వరూప పిలిస్తే తిరిగి చూశాను. ఆవలించింది అక్కా. వాళ్ళ అమ్మమ్మ చీర మీద ఆవలించి, పిడికిలి తెరిచి పడుకుంది. కాసేపటికి తడిపింది కూడా. నేను ఆ తడి బొంత పట్టుకొని వార్డులో అందరికీ చూపించుకుంటూ తిరిగానని స్వరూప ఇప్పటికీ నవ్వుతోంది.

ఇప్పుడు ఇంటికొచ్చాం. అందరం బాగున్నాం, మళ్ళీ రాస్తున్నాను. కానీ నా భయం పోలేదక్కా. బరువు చూపించడానికి మళ్ళీ తీసుకుపోవాలి. పెరుగుతోంది గానీ నెమ్మదిగా అన్నారు. పిల్ల పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, స్వరూప కసురుతుంది. బ్లాస్టింగ్ వేళకు ఉయ్యాల పక్కనే నిలబడి పిల్ల చెవులు మూస్తాను. నువ్వు మన ఇంటికి పెద్దదానివి. నేను చేసినదానికి ఏదైనా దోషం ఉంటే, మొక్కు చెల్లించాలన్నా, ఒక్కపొద్దు ఉండాలన్నా చెప్పు, చేస్తాను. ఆ దోషం నా నెత్తిన పడాలి గానీ పిల్ల దాకా రాకూడదు.

ఇంకొక మాట. నీ పాత నూలు చీర ఒకటి పంపు. కట్టి కట్టి మెత్తబడింది కావాలి, కొత్తది వద్దు. ఆకుపచ్చది ఇంకా ఉంటే అదే. పేరు పెట్టే నాటికి నువ్వే వస్తే ఇంకా మంచిది, అల్లుడు బండి మాట్లాడి పంపిస్తానన్నాడు. పేరు నీ నోటితోనే పిలవాలని స్వరూప పట్టు. లత పిల్లలకు నా దీవెనలు, బావ పటానికి నా బదులు ఒక దండం పెట్టు. నీ చల్లని చూపు ఈ పసిదాని మీద ఉంచు.

ఆ చీర ఎందుకని అడుగుతావు. నడిచే పిల్ల కప్పుకునేంత పెద్ద బొంత ఒకటి మొదలుపెట్టాను. మెడ కూడా నిలవని పిల్లకు అదెందుకు బాపు అని స్వరూప అడిగింది, అడిగి తనే ఒక మూల పట్టుకొని సాపు చేసింది. నువ్వు వద్దంటే ఆపేస్తాను అక్కా. కానీ జల్ది రాయి. కింది వరుసలు అప్పుడే కుట్టేశాను.

నీ తమ్ముడు
మల్లేశం